నిద్రకు కాపలా

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా రోడ్డుకు రెండు పక్కలా ఎన్ని ఆసుపత్రుల బోర్డులున్నా, వాటిలో ఒక్కదాని మీదా గంగాధరరావుగారి పేరు కనపడదు. కోత కోసినాయన పేరు బోర్డు మీద ఉంటుంది. కాన్పు చేసినావిడ పేరు ఉంటుంది. రోగిని నిద్రపుచ్చి, ఆ నిద్రలో అతని ఊపిరిని తన చేత్తో పట్టుకుని, పని అయ్యాక మళ్లీ మెలకువలోకి తెచ్చి ఇంటివాళ్లకు అప్పజెప్పే మనిషి పేరు ఏ బోర్డుకూ ఎక్కదు. ఈ చుట్టుపక్కల జనం ఆయన్ని ‘మత్తు డాక్టరు’ అంటారు. అసలు పేరేమిటని అడిగితే తెల్లమొహం వేస్తారు.

పేరు తెలియనంత మాత్రాన మనిషి తక్కువవాడని కాదు. రేపల్లె దగ్గర పల్లెటూళ్లో, తాటాకు కప్పు కింద, పేడతో అలికిన నేల మీద కూర్చుని అక్షరాలు దిద్దుకున్నవాడాయన. ఆ ఊరి హైస్కూలు నుంచి ఫస్టు క్లాసులో పాసైన మొదటి పిల్లవాడు. హెడ్మాస్టరుగారు స్వయంగా ఇంటికొచ్చి, పొలం నుంచి అప్పుడే వచ్చిన తండ్రికి దండ వేసి వెళ్లారు. గుంటూరులో వైద్యం చదివి, మత్తు విద్యలో పై చదువు చదివి, హైదరాబాదు సర్కారు దవాఖానలో కొలువు చేసి, కొత్తపేట దాటితే ద్రాక్షతోటలు తప్ప ఏమీ లేని రోజుల్లోనే ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. వేలికి తగిలిస్తే ఒంట్లో ప్రాణవాయువు ఎంత ఉందో చూపించే యంత్రం ఇక్కడి ఏ నర్సింగ్ హోములోనూ లేనప్పుడు, సొంతంగా కొని, కూరల సంచీలో పెట్టుకుని స్కూటరు మీద తిరిగింది ఆయనే. విజయవాడ రోడ్డు మీద పెళ్లిబస్సు బోల్తా పడిన రోజున, ఒక బల్ల దగ్గరి నుంచి ఇంకో బల్ల దగ్గరికి నడుస్తూ, కాఫీ కూడా నిలబడే తాగి, తెచ్చినవాళ్లందర్నీ నిద్రపుచ్చి లేపిందీ ఆయనే. గొంతులో రూపాయి బిళ్ల ఇరుక్కున్న పసివాళ్లు, తుంటి విరిగిన ముసలివాళ్లు, రక్తం పోతున్న బాలింతలు, అందరూ ఆయన చేతుల్లోంచి తిరిగొచ్చినవాళ్లే. ‘ఈ చేత్తో పట్టిన ఊపిరి ఒక్కటీ జారిపోలేదు’ అని ఆయన నలుగురిలో అనేవారు. అనడానికి తగినవారు కనుక ఎవరూ నవ్వేవారు కాదు.

అటువంటి ఆయన చేతికి దశరథ మేస్త్రి ఊపిరి వచ్చింది సకల జనుల సమ్మె రోజుల్లో.

ఆ రోజులు తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. బస్సులు డిపోలు దాటడం లేదు. బడులకు తాళాలు పడ్డాయి. బొగ్గు గనులు ఆగిపోయి, కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో పెద్ద టెంటు వేసి, కాలనీకొక రోజు చొప్పున వంతులు పెట్టుకుని జనం నిరాహార దీక్షలో కూర్చుంటున్నారు. గంగాధరరావుగారు ఆ టెంటు ముందు నుంచి పోకుండా సందుల్లోంచి స్కూటరు తిప్పుకునేవారు. భయపడి కాదు. వాళ్ల ప్రత్యేక తెలంగాణ కోరిక తప్పని ఆయన ఎన్నడూ అనుకోలేదు. కానీ నోరు విప్పితే చాలు, తన మాటే తన ఊరు చెప్పేస్తుంది. టెంటులోకి వెళ్లి ఏమని కూర్చోవాలి? వెళ్లకుండా ఎలా దాటిపోవాలి? అందుకని సందులు.

దశరథది నల్లగొండ జిల్లా పల్లె. సెంట్రింగ్ మేస్త్రి. ఇంటికి స్లాబు పోసేముందు కింద కర్రలు నిలబెట్టి, వాటిమీద రేకులు పరిచి, ఆ బరువంతా మొయ్యడానికి ఆసరా కట్టే పని. సరూర్‌నగర్, చైతన్యపురి, వనస్థలిపురం కాలనీల్లో సగం ఇళ్లు మొదట అతని కర్రల మీదే నిలబడ్డాయి. మనిషి కూడా స్లాబులాంటివాడే. వెడల్పు, బరువు. కూర్చుంటే బెంచీ నిండిపోతుంది. నవ్వితే పొట్టంతా కదులుతుంది. ఆ పొట్ట మీద, బొడ్డు పక్కన, చాలా ఏళ్లుగా ఒక ఉబ్బు పెరుగుతూ వచ్చింది. మొదట్లో వేలితో నొక్కితే లోపలికి పోయేది. ఇప్పుడు కొబ్బరికాయంత అయింది. నొక్కినా పోవడం లేదు, నొప్పి పెడుతోంది. ఆపరేషనంటే ఏళ్లకేళ్లు తప్పించుకున్న దశరథను భార్య అండాలమ్మ ఈసారి పట్టుపట్టి కొత్తపేటలో శ్రీరామమూర్తిగారి నర్సింగ్ హోముకు తీసుకొచ్చింది. శ్రీరామమూర్తి సర్జను, గంగాధరరావుగారికి పాత స్నేహితుడు. మర్నాటి ఉదయానికి ఆపరేషను పెట్టి, రోగిని ఒకసారి చూడమని ఆయనకు కబురు చేశాడు.

గంగాధరరావుగారు ముందు పొట్ట చూడరు, మెడ చూస్తారు. దశరథకు మెడ ఎక్కడ మొదలైందో గడ్డం ఎక్కడ ఆగిందో తేలలేదు. నోరు తెరవమన్నారు. నాలుక వెనకాల దారి సన్నగా ఉంది. వెల్లకిలా పడుకోమన్నారు. మేస్త్రి పడుకున్నాడో లేదో లేచి కూర్చున్నాడు.

“ఈ బల్ల సక్కగ లేదు సారూ. నడుం వడ్తలేదు.”

“ఇంట్లో ఎలా పడుకుంటారు?”

“కుర్సీల. స్లాబు వోసిన్నాడు కాపలా కూసోని, కూసోని, గట్లనే అలవాటైంది.”

“గురక పెడతారా?”

“గురక వెట్టని మొగోడుంటడా సారూ? గురక గట్టిగుందంటె నిద్ర గట్టిగున్నట్టే గద!” అని పెద్దగా నవ్వాడు.

“నిద్రలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి లేవడం ఉందా?”

“లే. అసొంటియేం లెవ్వు.”

గంగాధరరావుగారు అండాలమ్మ వైపు చూశారు. ఎందుకంటే ఆ ప్రశ్నకు జవాబు నిద్రపోయేవాడి దగ్గర ఉండదు, పక్కన మేలుకున్నవాళ్ల దగ్గర ఉంటుంది. అండాలమ్మ కొంగు సర్దుకుని గోడవైపు చూసింది. నలుగురిలో మొగుడి మాటకు ఎదురు చెప్పి ఎరగని మనిషి.

“ఏమమ్మా?”

“ఆయిన చెప్తుండు గద సారూ,” అంది.

సరే, దానిదేముందని ఆయన మిగతా జాగ్రత్తలు చెప్పారు. రేపు ఖాళీ కడుపుతో రావాలి, మంచినీళ్లు కూడా వద్దు. అది విని మేస్త్రి తొడ చరిచాడు.

“గిది మంచిగ కుదిరింది! రేపు మా కాలనీ వంతు దీక్ష. పొద్దుగాల్నే టెంట్ల కూసుంట, మీరు కబురంపంగనె ఆటో ఎక్కొస్త. ఎట్లయినా ఉపాసమే. ఒక్క ఉపాసం, రెండు పనులు!”

అందరూ నవ్వారు. గంగాధరరావుగారూ నవ్వారు. రోగి తింటాడేమో అన్న బెంగ ఎప్పుడూ ఉండేదే. ఈ ఒక్క రోగికి మాత్రం ఊరంతా కాపలా ఉంటుంది కదా అనుకున్నారు.

మర్నాడు ఎండ ముదరకముందే దశరథ ఆటో దిగాడు. మెడలో బంతిపూల దండ, నుదుట బొట్టు, భుజాన జై తెలంగాణ కండువా. వెనకాల అండాలమ్మ సంచితో. లోపల బల్ల సిద్ధంగా ఉంది. శ్రీరామమూర్తి చేతులు కడుక్కుంటున్నాడు. నర్సు యాదలక్ష్మి దండ తీస్తూ పలకరించింది. ఆమెదీ నల్లగొండ వైపు ఊరే.

“దీక్ష ఎవలు ఇడిపించిన్రు మామా?”

“మా కాలనీ పెద్దమనుసులే బిడ్డా. నేను నడిమిట్ల లేసి పోతుంటినాయె. దీక్ష చెడ్డట్టు కావొద్దు గద! పద్ధతి ప్రకారం నిమ్మరసం తాపి, లడ్డు వెట్టి, తప్పట్లు కొట్టి తోలిన్రు.”

చేతిలో సూదిమందు పట్టుకున్న గంగాధరరావుగారు ఆగిపోయారు.

“ఏం పెట్టారు?”

“లడ్డు సారూ. నోట్ల వెట్టిన్రు. ఇంక గా అరటిపండు.”

“నిన్న ఏమీ తినొద్దని చెప్పాను కదండీ!”

మేస్త్రికి నిజంగానే అర్థం కాలేదు. “తినలే సారూ! పొద్దటి సంది ఉపాసం, కాలనీ అంత సాక్ష్యం. గది తిండి కాదు గద. దీక్ష ఇడుపు.”

యాదలక్ష్మి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గంగాధరరావుగారికి నవ్వు రాలేదు. ఆ టెంటులోకి ఒక్కరోజు తొంగిచూసినా, నిమ్మరసంతో విడిపించనిదే దీక్ష ముగియదని తనకు తెలిసుండేది. నిన్ననే ఆ మాట చెప్పి ఉండేవారు. ఇన్ని రోజులూ సందుల్లోంచి పోయారు. సూదిమందు పళ్లెంలో పెట్టేశారు.

“లడ్డూకి దీక్ష సంగతి తెలియదు మేస్త్రీ. అది కడుపులోనే ఉంటుంది. నేను మిమ్మల్ని నిద్రపుచ్చగానే గొంతులోకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సాయంత్రం దాకా ఆగాలి.”

శ్రీరామమూర్తి విసుక్కున్నాడు. “ఒక్క లడ్డూ అండీ గంగాధరరావుగారూ! సాయంత్రం కరెంటుంటుందో లేదో!”

“ఉబ్బు సంగతేమిటి? ఆగుతుందా?”

సర్జను మళ్లీ నొక్కి చూశాడు. “కొవ్వు ఇరుక్కుంది, పేగు కాదు. సాయంత్రం దాకా ఆగొచ్చు. రేపటిదాకా ఆగితే పేగూ వచ్చి ఇరుక్కోవచ్చు.”

“అయితే సాయంత్రం,” అన్నారాయన. ఆ మాట అన్నాక ఇక ఎవరూ వాదించరు.

మేస్త్రిని వార్డులో మంచం ఎక్కించారు. అతను పడుకోలేదు. గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. గంగాధరరావుగారు ఇంటికి పోకుండా, తలుపు అవతల బెంచీ మీద పేపరు పట్టుకుని కూర్చున్నారు. ఆయన కళ్లు పేపరు మీద ఉంటాయి కానీ చెవులు ఎప్పుడూ ఊపిరి మీదే. బస్సులో కూర్చున్నా, కచేరీలో కూర్చున్నా, పక్కవాడి ఊపిరి వినడం ఆయనకు పుట్టుకతో వచ్చిన గుణమా అన్నట్టు ఉండేది.

మధ్యాహ్నం ఎండకు వార్డు నిశ్శబ్దమైంది. మేస్త్రి కునికి, మెల్లగా మంచం మీదికి జారి, వెల్లకిలా అయిపోయాడు. గురక మొదలైంది. రాళ్లు దింపుతున్న లారీలాంటి గురక. అది పెరిగింది, ఇంకా పెరిగింది, ఆగిపోయింది.

గంగాధరరావుగారు పేపరు దించారు.

ఛాతీ కదులుతోంది, పొట్ట కదులుతోంది. గాలి మాత్రం లేదు. మూతపడిన తలుపును లోపల నుంచి ఎవరో తోస్తున్నట్టు ఒళ్లంతా పెనుగులాడుతోంది. ఆయన లేవబోయారు. అంతలో మంచం పక్కన నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతున్న అండాలమ్మ, తల ఎత్తకుండానే, ఎడమచెయ్యి చాచి మొగుడి కాలి పిక్క గట్టిగా నొక్కింది. మేస్త్రి ఒక్క పెద్ద గుక్క పీల్చాడు. గురక మళ్లీ మొదలైంది. అండాలమ్మ ఇంకో చిక్కుడుకాయ తీసుకుంది.

కొద్దిసేపటికి మళ్లీ ఆగింది. చెయ్యి మళ్లీ వెళ్లింది. కళ్లతో చూడలేదు, లెక్కపెట్టలేదు. ఆ చెయ్యికే తెలుసు.

ఆయన లోపలికి వచ్చి ఆమెకు కాస్త దూరంలో ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నారు.

“ఎన్నాళ్ల నుంచి తల్లీ?”

“ఏంది సారూ?”

“ఆ చెయ్యి.”

ఆమె చప్పున చెయ్యి వెనక్కి తీసుకుంది. మొగుడు గాఢనిద్రలో ఉన్నాడని ఒకసారి చూసుకుని, అప్పుడు గొంతు తగ్గించి చెప్పింది.

“మా పెద్ద బావ ఉండె సారూ. రామస్వామి. ఈయినకంటె ఇంక లావుండె. ఇసొంటి ఆపరేషనే, వేరే ఊళ్లె చేయించినం. మంచిగనే అయింది, బయటికి తెచ్చిన్రు. మాట్లాడిండు గుడ. ఇంత పండుకుంట అన్నడు. పండుకుండు. గురక వెడుతుంటే అందరం సంబురపడ్డం. పాపం, నొప్పికి తట్టుకోని మంచిగ నిద్రవోతుండు, లేపకుండ్రి అన్నరు. మా అత్త ఇసురుకుంట కూసున్నది. నేను కాళ్లకాడ కూసున్న. గురక ఆగింది. సల్లగ నిద్ర వట్టింది అనుకున్నం.”

ఆమె చిక్కుడు తొక్కలు ఒక కుప్పగా చేసింది.

“మత్తెక్కువైందన్నరు ఊరోళ్లు. నాకెర్కలేదు. గప్పటి సంది ఈయిన గురక ఆగితే నా పానం ఆగుతది. గందుకే పక్కన పండుకోను. కాళ్లకాడ ఒరుగుత. చెయ్యి ఆడనే పెడ్త.”

“నిన్న అడిగినప్పుడు చెప్పలేదేం?”

“పదిమందిల ఆయిన లేదంటుంటే నేనెట్ల ఉన్నదంటా?” అంది. తర్వాత ఇంకా నెమ్మదిగా, “చెప్తె ఆపరేషన్ చెయ్యం పో అంటరేమో అని గుడ అనుకున్న,” అంది.

గంగాధరరావుగారు లేచి శ్రీరామమూర్తి గదికి వెళ్లారు. సంగతి చెప్పారు. పడుకుంటే గొంతులో దారి మూసుకుపోయే మనిషి. పొట్ట బరువు ఊపిరితిత్తుల్ని పైకి తోసేస్తుంది. మామూలు మనిషికి ఊపిరి ఆగితే ఒంట్లో నిలవ ఉన్న ప్రాణవాయువు కాసేపు కాస్తుంది. ఇతనికి ఆ నిలవే తక్కువ. ఆపరేషనులో ఎంత ప్రమాదమో, తర్వాత వచ్చే నిద్రలో అంతకంటే ప్రమాదం.

సర్జను తలుపు వేసి వచ్చాడు.

“పెద్దాసుపత్రికి రాసిచ్చేద్దామండీ. అసలే ఉద్యమం మనిషి. మనం చూస్తే కోస్తా జిల్లాలవాళ్లం. ఏదైనా తేడా వస్తే టెంటు టెంటంతా వచ్చి ఇక్కడ కూర్చుంటుంది.”

“టెంటు సంగతి తర్వాత. తేడా వస్తే ముందు ఆవిడ ఎదురుగా నిలబడాల్సింది నేను,” అన్నారు గంగాధరరావుగారు. అయినా ఫోన్లు చేశారు. పెద్దాసుపత్రుల్లో సమ్మెకు సగంమంది లేరు, మంచాలు లేవు, రెండు రోజులాగి చూద్దామన్నారు. ఉబ్బు అన్నాళ్లు ఆగదు. వెన్నుకు సూది వేసి కానిద్దామా అని సర్జను అడిగాడు. ఉబ్బు ఉన్న ఎత్తుకు ఆ మత్తు ఎక్కాలంటే ఊపిరి కండరాలు కూడా నీరసిస్తాయి, పైగా మనిషి వెల్లకిలా పడుకోనేలేడని గంగాధరరావుగారు ఒప్పుకోలేదు.

“ఇక్కడే చేద్దాం. నేను చెప్పినట్టు చేద్దాం.”

ఆయన తన దగ్గర చదువుకున్న డాక్టర్ అమలకు ఫోను చేశారు. ఆ అమ్మాయి ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో పెద్ద పేరున్న మత్తు వైద్యురాలు. గురువుగారు నాకు తోడు రా అని పిలవడం అదే మొదటిసారి. ఎందుకని అడక్కుండా, నిద్రలో మాస్కు ద్వారా గాలి ఊదే యంత్రాన్ని స్కూటీ ముందు పెట్టుకుని వచ్చేసింది.

పొద్దు వాలుతుండగా దశరథను లోపలికి తీసుకెళ్లారు. బల్ల మీద మామూలుగా ఉండే చిన్న దిండు లేదు. దుప్పట్లు, పక్కబట్టలు మడతలు పెట్టి, నడుము పైనుంచి భుజాల దాకా, భుజాల నుంచి తల దాకా ఏటవాలుగా పేర్చారు. మేస్త్రిని దానిమీద ఆనించారు. గంగాధరరావుగారు పక్కన వంగి, ఒక కన్ను మూసి చూశారు. చెవి రంధ్రమూ రొమ్ము ఎముకా ఒక గీత మీదికి రావాలి. రాలేదు. ఇంకో దుప్పటి పెట్టించారు. మళ్లీ చూశారు.

“మట్టం సూస్తున్నరా సారూ?” అన్నాడు దశరథ.

“అవును. గొంతులో దారి తిన్నగా రావాలి. పొట్ట కిందికి దిగాలి.”

“కింద గట్టిగ పెట్టుండ్రి. నడిమిట్ల జారితే స్లాబు వోతది.” నవ్వబోయాడు, నవ్వు రాలేదు. అమల మాస్కు దగ్గరికి తెస్తుంటే ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. “సారూ, ఒక్క మాట. మా అన్న లేవలే.”

“తెలుసు. మీ ఆవిడ చెప్పింది.”

“చెప్పిందా?” మేస్త్రి కళ్లు పైకప్పు మీద నిలిచాయి. “నాకు తెల్వదనుకుంటది. కాలు నొక్కుతది గద, ఒక్కోసారి మెల్కువస్తది. నిద్రవోయినట్టే ఉంట. లేకపోతే మొగోనికి ఇజ్జత్ ఏముంటది సారూ?”

గంగాధరరావుగారు అతని భుజం మీద చెయ్యి వేసి, “స్లాబు మొదలుపెట్టేముందు ఇసుక, సిమెంటు అంతా కింద పోయించుకుంటారా లేదా?” అని అడిగారు.

“పోయించుకోక? నడుమ ఆపితే అతుకు వడ్తది, ఆడికెల్లి నీళ్లు కార్తయి.”

“ఇదీ అంతే. నడుమ ఊపిరి సరుకు అయిపోకూడదు. ముందే నింపుకుందాం. గట్టిగా పీల్చండి. వదలండి. ఇంకా.”

మాస్కు ముఖానికి గట్టిగా ఆనించి, చాలాసేపు అలా పీల్పించారు. వేలి యంత్రం టిక్కు టిక్కుమంటోంది. ఆ చప్పుడు పై స్వరంలో ఉన్నంతసేపూ క్షేమం. స్వరం దిగిందంటే ఒంట్లో గాలి తగ్గుతున్నట్టు. తృప్తి అయ్యాక మందు ఎక్కించారు. మేస్త్రి కనురెప్పలు వాలాయి. అతని ఊపిరి ఆగింది. ఇప్పుడది గంగాధరరావుగారి చేతిలోకి వచ్చింది.

లారింగోస్కోపు అనే వంపు తిరిగిన లోహపు బద్దతో నాలుక ఎత్తి చూశారు. చివరన చిన్న బల్బు వెలుగుతోంది. వెలుగులో కండ తప్ప ఏమీ కనపడలేదు. దారి కనపడనప్పుడు పొడుచుకుపోయే మనిషి కాడాయన. టిక్కు స్వరం కొద్దిగా దిగుతోందనగానే బద్ద బయటికి తీసేశారు.

“మాస్కు.”

అమల రెండు చేతులతో దవడ ఎత్తి మాస్కు పట్టుకుంది. ఆయన దానికి తగిలించిన గాలి సంచి నొక్కారు. ఛాతీ పైకి లేచింది. స్వరం మెల్లగా ఎక్కింది.

“మళ్లీ చూస్తాను. నువ్వు గొంతు మీద కొద్దిగా వెనక్కీ పైకీ నొక్కు.”

ఆయన వంగుతుండగా కరెంటు పోయింది. గదంతా చీకటి. ఎవరో జనరేటరు అని అరుస్తూ మెట్లు దిగారు. యాదలక్ష్మి టార్చి కోసం తడుముతోంది. బ్యాటరీ మీద వేలి యంత్రం ఒక్కటే టిక్కు టిక్కుమంటోంది. గంగాధరరావుగారు తల ఎత్తలేదు. ఆయనకు కావలసిన వెలుగు ఆ బద్ద చివరన ఉంది. గది మొత్తంలో వెలుగున్న చోటు దశరథ గొంతు ఒక్కటే. ఆ వెలుగులో, అమల వేళ్లు నొక్కిన చోట, నాలుక వేరు కింద సన్నగా ఒక అంచు మెరిసింది. ఆయన సన్నని వంగే కడ్డీని ఆ అంచు కిందికి పోనిచ్చారు. కడ్డీ మొన శ్వాసనాళం లోపలి ఉంగరాలకు తగిలి గరగరలాడింది. ఆ గరగర వేళ్లకు తెలిసింది. కడ్డీ మీదుగా ఊపిరి అందించే గొట్టం దించారు. సంచి నొక్కారు. చీకట్లోనే స్టెతస్కోపు పెట్టి కుడిపక్క విన్నారు, ఎడమపక్క విన్నారు.

“వచ్చింది,” అన్నారు. అప్పుడు చూసుకుంటే చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. కింద జనరేటరు దగ్గి, రగులుకుంది.

ఉబ్బు సర్దడం శ్రీరామమూర్తికి పెద్ద పని కాలేదు. కుట్లు పడ్డాక, “కళ్లు తెరుస్తున్నాడు, గొట్టం తీసేద్దామా?” అన్నాడు.

“కళ్లు తెరిస్తే చాలదు.”

మత్తు పూర్తిగా దిగిందాకా ఆగారు. బల్ల తలవైపు ఎత్తి కూర్చోబెట్టారు. చెయ్యి పట్టుకోమంటే మేస్త్రి గట్టిగా పట్టుకున్నాడు. తల ఎత్తి ఉంచమంటే ఉంచాడు. అప్పుడు తీశారు. మేస్త్రి దగ్గి, దగ్గి, బొంగురు గొంతుతో అన్నాడు.

“పోసుడు అయిందా?”

“అయింది. పోసిన రోజే సెంట్రింగ్ విప్పుతారా మేస్త్రీ?”

దశరథ ఆయన వైపు తల తిప్పాడు.

“మా అన్నకు పోసిన్నాడే ఇప్పిన్రు సారూ,” అన్నాడు. కళ్ల చివర్లలోంచి నీళ్లు చెంపల మీదికి జారాయి.

వార్డులో మంచం తల ఎత్తి, వెనక దిండ్లు పెట్టి, ఆనించి కూర్చోబెట్టారు. నొప్పికి మందు తక్కువగా ఇచ్చారు, ఎక్కువైతే అదే నిద్రను లోతుకు లాగుతుంది. అమల తెచ్చిన యంత్రం మాస్కు ముక్కుకు కట్టారు. దీపాలు పెట్టే వేళకు టెంటు నుంచి జనం వచ్చారు. గుమ్మం దగ్గర చెప్పులు నిండిపోయాయి. వాళ్లలో ఉదయం లడ్డూ పెట్టిన కాలనీ పెద్దమనిషి కూడా ఉన్నాడు. మేస్త్రి కునుకుతున్నాడు, సన్నగా గురక వస్తోంది.

“పాపం, ఎట్ల కూసోవెట్టిన్రో సూడు! మూతికి గా తొడుగేంది? దిండ్లు తీసి సక్కగ పండవెట్టుండ్రి. మంచిగ నిద్రవోతుండు, లేపకుండ్రి,” అన్నాడు పెద్దమనిషి. ఇద్దరు కుర్రాళ్లు దిండ్ల మీద చేతులు వేశారు.

గంగాధరరావుగారు నోరు తెరిచారు. అంతకంటే ముందు ఇంకో గొంతు లేచింది.

“చెయ్యి తియ్యుండ్రి!”

అండాలమ్మ లేచి నిలబడి ఉంది. కొంగు జారింది, సర్దుకోలేదు.

“మీకేం తెల్సు ఆయిన నిద్ర? నాకు తెల్సు. పడుకుంటే ఊపిరాగుతది. కూసోనే ఉండాలె. డాక్టర్ సారు ఎట్ల వెట్టిండో గట్లనే ఉండాలె. ముట్టుకుంటే ఊకోను.”

ఆమె గొంతు పెద్దగా విన్నవాళ్లు అక్కడ ఎవరూ లేరు. మాస్కు వెనక దశరథ కళ్లు తెరిచి ఉన్నాయి. పదిమందిలో భార్య చెప్పిన మాటకు అతను లేదు అనలేదు. అవునన్నట్టు తల ఊపాడు. కుర్రాళ్లు దిండ్లు వదిలేశారు. పెద్దమనిషి కండువా సర్దుకుని, “జర ముందుగాల జెప్తే అయిపోతుండె గదమ్మా,” అని గొణిగి, తప్పుకుని నిలబడ్డాడు. పోతూ పోతూ గంగాధరరావుగారి దగ్గర ఆగాడు.

“మీరు ఎన్నడు టెంటు కాడికి రాలే సారూ?”

“రాలేదు,” అన్నారాయన. “వచ్చి ఉంటే ఇవాళ లడ్డూ పెట్టకుండా ఆపేవాణ్ణి.”

పెద్దమనిషి నవ్వాడు. “రేపు రాండ్రి. ఎవలికేం పెట్టాల్నో మీరే చెప్దురు.”

అందరూ వెళ్లిపోయాక వార్డులో యంత్రం ఊదే చప్పుడు మిగిలింది. అండాలమ్మ అలవాటుగా మంచం కాళ్లవైపు నేల మీద కూలబడి, చెయ్యి చాచింది. ఆ చెయ్యి వెళ్లేసరికి అక్కడ అప్పటికే ఇంకో చెయ్యి ఉంది. గంగాధరరావుగారు కుర్చీ జరుపుకుని, మేస్త్రి కాలి పిక్క మీద తన అరచెయ్యి ఆనించి కూర్చున్నారు.

“ఈ పూట నాది తల్లీ. మీరు పడుకోండి.”

“మీకు ఎర్కయితదా సారూ, ఆగినప్పుడు?”

ఆయన జీవితంలో చాలామంది చాలా ప్రశ్నలు అడిగారు. ఇలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు. పెళ్లిబస్సు కథ చెప్పొచ్చు. వేలి యంత్రం కథ చెప్పొచ్చు. జారిపోని ఊపిరుల గొప్ప చెప్పొచ్చు. అవేవీ నోటికి రాలేదు.

“అవుతుంది,” అన్నారు.

ఆమె ఆయన చేతిని చూసింది. పిక్క మీద సరైన చోటే ఉందా అని చూసినట్టు చూసి, ఒక్క వేలు కిందికి జరిపింది. పక్క మంచం ఖాళీగా ఉంది. దానిమీద కాళ్లు చాపి, చాలా ఏళ్ల తర్వాత పూర్తిగా వెల్లకిలా పడుకుంది. ఆయన పేరు ఆమె అడగలేదు. కళ్లు మూసిందో లేదో నిద్ర పట్టేసింది.

మందు ఎక్కించి నిద్రపుచ్చడమే తెలిసిన గంగాధరరావుగారు ఆ నిద్రను కాసేపు విన్నారు. చిన్న ఊపిరి, సమంగా, ఎక్కడా ఆగకుండా నడుస్తోంది. తర్వాత చెవి ఇటు తిప్పుకున్నారు. యంత్రం ఊదుతున్నా మేస్త్రి గురక పెరిగింది, ఆగింది. ఆయన పిక్క నొక్కారు. అది మళ్లీ మొదలైంది.